మన పత్రికలో రాసేవాళ్ళు పొద్దంతా ఏం పని చేస్తారు?

నాగావళి గట్టు
ఆదివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. కాస్త పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

పోయిన నెల మన పత్రికలో రాసే ఒక పెద్దాయన చనిపోయారు. పదకొండేళ్ళలో ఆయనవి పద్నాలుగు కవితలు వేశాం. నివాళి రాద్దామని కూర్చుంటే ఆయన గురించి నా దగ్గరున్నది ఊరి పేరు, ఫోన్ నంబరు, అంతే. మొదట్లో కవితలు పోస్టులో వచ్చేవి, తర్వాత ఎవరిచేతో ఫోటో తీయించి వాట్సాప్‌లో పంపేవారు. ఒక్కసారి శ్రీకాకుళంలో సభకి వచ్చారు, వెనక వరసలో కూర్చుని భోజనాల ముందే వెళ్ళిపోయారు. చేతిరాత గుండ్రంగా ఉండేది కాబట్టి రిటైరైన మాస్టారేమో అనుకున్నాను. ఎప్పుడూ అడగలేదు.

పదో రోజుకి వంశధార అవతల వాళ్ళ ఊరు వెళ్ళాను. ఆయన ధాన్యం గోదాంలో కళాసీ. ముప్పై ఏళ్ళకి పైగా బస్తాలు మోశారు, నడుం పట్టేశాక కాటా దగ్గర నిలబడి తూకం రాసేవారు. వాళ్ళావిడ లోపల్నుంచి ఒక సంచి తెచ్చి నా ముందు గుమ్మరించారు. అన్నీ తూకం చీటీలు. ముందువైపు బస్తాల లెక్క, వెనకవైపు కవితలు. మనం వేసినవి పద్నాలుగు, ఆ కుప్పలో వందకి పైనే ఉంటాయి.

మనం వేసిన ఒక కవితలో "ముల్లు నిలబడేదాకా ఊపిరి బిగబట్టు" అని ఉంది. అది గడియారం ముల్లనుకుని ఆ సంచిక సంపాదకీయంలో కాలం గురించి ఒక పేరా రాశాను. అది కాటా ముల్లు. పత్రిక చేతికందాక ఆయన నా పేరా చదివే ఉంటారు. ఒక్క మాట అనలేదు. అది తల్చుకుంటే నాకు నిద్ర పట్టడం లేదు.

అందుకే అడుగుతున్నాను. వచ్చే సంచికలో మన రచయితల బతుకుల గురించి వేద్దాం. ఉద్యోగం హోదా నాకొద్దు. పొద్దున లేచిన దగ్గర్నుంచి మీ చేతులు ఏం చేస్తాయి, ఎప్పుడు రాస్తారు, ఆ పని రాతలోకి ఎలా దూరుతుంది, అది రాయండి. ఇక్కడే మొదలుపెట్టండి.

సి షిఫ్టు
ఆదివారం, రాత్రి 11:52

నేను విజయనగరం వైపు ఒక జూట్ మిల్లులో మగ్గాల ఖాతాలో, అంటే గోనె నేసే విభాగంలో చేస్తాను. మిల్లు పేరు రాయను, రేపు మళ్ళీ గేటు దగ్గర నిలబడాల్సినవాణ్ణి. ఆరు కథలు వేశారు నావి.

నా కథల్లో మాటలు తక్కువ, మనుషులు మూగవాళ్ళలా ఉంటారని ఒకసారి సభలో ఎవరో అన్నారు. అప్పుడు జవాబు చెప్పలేకపోయాను. మగ్గాల ఖాతాలో మాట వినపడదు. ఎనిమిది గంటలూ సైగలే. దారం తెగితే ఒక సైగ, మేస్త్రీ వస్తున్నాడంటే ఒక సైగ, టీకి వెళ్తానంటే ఒక సైగ. పక్క మగ్గం ఆయనతో పందొమ్మిదేళ్ళు పనిచేశాను, ఆయన గొంతు ఎలా ఉంటుందో సరిగ్గా విన్నది వాళ్ళమ్మాయి పెళ్ళిలో. కథ రాసేటప్పుడు మనుషుల చేతులే కనిపిస్తాయి నాకు, నోరు తర్వాత కనిపిస్తుంది. అది లోపమని నేననుకోవడం లేదు.

ఎప్పుడు రాస్తానంటే, సి షిఫ్టు దిగి పొద్దున్నే ఇంటికొచ్చి పడుకునే ముందు. ముక్కులో నార దుమ్ము, చెవిలో హోరు అలాగే ఉంటాయి. లాకౌట్ పెట్టిన రోజుల్లో టైం బోలెడంత ఉండేది, ఒక్క ముక్క రాయలేదు. రేపు బియ్యం ఎలాగన్న టెన్షన్‌లో కథ రాదు. పని లేకపోతే బాగా రాసుకోవచ్చు కదా అని అడిగేవాళ్ళకి ఈ సంగతి తెలియాలి.

అను కీబోర్డు
సోమవారం, ఉదయం 7:15

పెద్దాయన గురించి చదివాక చాలా బాధగా ఉంది. అందులో నా చేయి కూడా ఉంది, చెప్తాను.

పత్రిక పేజీలు పెట్టేది నేనే. పగలంతా పెళ్ళికార్డులు, కరపత్రాలు, బిల్లు పుస్తకాలు. రాత్రి తొమ్మిది తర్వాత మన పత్రిక. నలభై ఎనిమిది పేజీలంటే పదహారు పేజీల ఫారాలు మూడు. ఒక్క పేజీ పెరిగితే ఇంకో పేజీ కలిపేద్దామంటే కుదరదు, కనీసం నాలుగు పెంచాలి, ఖర్చు పెరుగుతుంది. కాబట్టి కథ చివర నాలుగు లైన్లు మిగిలిపోతే ఏం తీస్తాం? "రచయిత గురించి" అని కింద రెండు ముక్కలుంటాయి కదా, ముందు అదే తీసేస్తాం. నేనే తీసేశాను, ఎన్నోసార్లు. ఆ పెద్దాయన మూడో కవితతో పాటు తన గురించి రెండు వాక్యాలు పంపినట్టు గుర్తు. ఆ పేజీ కింద ఎరువుల కొట్టు ప్రకటన పెట్టాల్సి వచ్చింది.

పాత ఫైళ్ళు వెతుకుతాను. 2016కి ముందువన్నీ అను ఫాంట్లలో, అంటే డీటీపీలో వాడే పాత తెలుగు అక్షరాల్లో ఉన్నాయి, యూనికోడ్‌లోకి మార్చితే ఒత్తులు చెదిరిపోతాయి, ఒక్కొక్కటీ చూసి దిద్దాలి. అయినా చేస్తాను.

జీడి పిక్క
సోమవారం, మధ్యాహ్నం 1:20

నేను పలాస దగ్గర జీడి బట్టీలో పనిచేస్తాను. పేరు ఇలా ఎందుకు పెట్టుకున్నానో కూడా చెప్తాను.

మా దగ్గర ఎవరైనా జీడి పిక్కలే అంటారు. ఎనభై కిలోల బస్తా లెక్కన రైతు అమ్ముతాడు, బట్టీకి వస్తుంది, కాలుస్తారు, పెంకు కొట్టి పప్పు తీస్తాం, ఆరబెట్టాక పొట్టు తీస్తాం, గుండు వేరు, బద్ద వేరు, ముక్క వేరు. పెంకులోంచి జీడి నూనె కారుతుంది, వేళ్ళకి అంటితే తోలు ఊడిపోతుంది. బూడిద రాసుకుంటాం, అయినా మా చేతులు చూస్తే ఏ పని చేస్తామో చెప్పేయొచ్చు. వేలిముద్ర మిషన్లో వేలు పడదు. రేషన్‌కి, పింఛనుకి ఆ మిషన్ దగ్గర మా ఆడవాళ్ళు పడే అవస్థ మీదే నా మొదటి కథ.

ఆ కథ అచ్చయినప్పుడు పత్రిక పట్టుకుని బట్టీకి వెళ్ళి అందరికీ చదివి వినిపించాను. మొదటి పేజీలోనే "జీడి గింజలు" అని ఉంది. నేను రాసింది పిక్కలు. పన్నెండు చోట్ల మార్చేశారు. మా అప్ప ఒకావిడ, నాకంటే ముందునుంచీ బట్టీలో ఉన్నావిడ, "ఈ గింజలేటి, ఇది మన బట్టీ కాదేమోనే" అంది. ఆ రోజు నాకు కలిగిన అవమానం ఇప్పటికీ పోలేదు. పత్రిక మీద గౌరవం ఉంది కాబట్టే ఇన్నాళ్ళకి ఇక్కడ చెప్తున్నాను.

రాయడం ఎప్పుడు మొదలైందంటే, 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను వచ్చిన తర్వాత. తెల్లారేసరికి కొబ్బరి లేదు, జీడి లేదు, కరెంటు లేదు. జీడి మొక్క వేస్తే సరిగ్గా కాపుకొచ్చేసరికి ఎన్నేళ్ళు పడుతుందో ఉద్దానం వాళ్ళకి చెప్పక్కర్లేదు. ఆ చీకట్లో మా పాప నోటుపుస్తకంలో పడిపోయిన చెట్లన్నీ పేర్లు పెట్టి రాసుకున్నాను. పేర్లంటే నిజంగా పేర్లే, మామయ్య నాటిన చెట్టు, బావి దగ్గర చెట్టు, కోడలు వచ్చిన ఏడు చెట్టు. అది కథో కాదో నాకు తెలీదు. ఎవరికీ చూపించలేదు.

ప్రూఫు కళ్ళద్దాలు
సోమవారం, సాయంత్రం 4:05

అమ్మా, ఆ మార్పు చేసింది నేనే.

ముప్పై మూడేళ్ళు తెలుగు మాస్టారుగా పనిచేశాను. ఎర్ర సిరా అలవాటు చేతికి అంటుకుపోయింది. జిల్లా దాటి చదివేవాళ్ళకి పిక్క అంటే కాలి పిక్క అనిపిస్తుందేమోనని గింజ అని దిద్దాను. మిమ్మల్ని అడగాలన్న ఆలోచనే రాలేదు. అడగాల్సింది. నన్ను క్షమించండి.

మీ పోస్టు చదివాక ఇంట్లో ఉన్న పాత ప్రూఫులు తీసి కూర్చున్నాను. చోడి అంబలిని రాగి అంబలి చేశాను. గంటెల్ని సజ్జలు చేశాను. గెడ్డని వాగు చేశాను. గెడ్డ పక్కనే పుట్టి పెరిగినవాణ్ణి నేను. గిడుగు రామమూర్తి పంతులు గారు పుట్టిన పర్వతాలపేట మాకు దూరమేమీ కాదు. ఆయన పర్లాకిమిడిలో పాఠాలు చెప్పుకుంటూ, సవర గిరిజనుల మాట వాళ్ళ నోటి నుంచే నేర్చుకుని, వాళ్ళ పిల్లలకి వాళ్ళ భాషలోనే చదువు చెప్పాలని పుస్తకాలు తయారుచేశారు. ఏటా ఆగస్టు 29న, ఆయన పుట్టినరోజున, బడిలో ఆయన గురించి ఉపన్యాసం ఇచ్చేవాణ్ణి. ఆ చేత్తోనే మీ పిక్కలు కొట్టేశాను.

నాదొక్కటే మనవి. అచ్చుతప్పు వేరు, మాట వేరు. అచ్చుతప్పులు దిద్దనివ్వండి. అర్థం కాని మాట తగిలితే ఇకమీదట ఫోన్ చేసి అడుగుతాను.

జీడి పిక్క
సోమవారం, సాయంత్రం 4:40

మాస్టారూ, మీరు పెద్దవారు, క్షమాపణ మాట వద్దు. ఫోన్ చేయండి చాలు. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రెండు దాకా ఎత్తుతాను.

కలం పేరు
సోమవారం, రాత్రి 8:30

అందరూ ఒప్పుకుంటున్నారు కానీ నాకు వేరే అభిప్రాయం ఉంది.

నేను ఒక ప్రభుత్వ కార్యాలయంలో ఉన్నాను. ఏ శాఖో చెప్పను. కలం పేరుతో రాస్తాను, ఆ పేరు వెనక నేనున్నట్టు సంపాదకుడికి తప్ప ఎవరికీ తెలీదు. మాకు 1964 నాటి ప్రవర్తనా నియమావళి ఉంది. కథలు రాసుకోవచ్చు, కానీ ప్రభుత్వ విధానాన్ని విమర్శించారని ఎవరైనా ఒక పేజీ చింపి పై అధికారికి పంపితే సంజాయిషీ రాసుకుంటూ కూర్చోవాలి. నా కథల్లో అర్జీ పట్టుకుని వచ్చే ముసలివాళ్ళుంటారు, వాళ్ళని మళ్ళీ రమ్మని పంపే గుమస్తా ఉంటాడు. ఆ గుమస్తా కొన్నిసార్లు నేనే. నా పని, ఊరు, ఫోటో వేస్తే ఆ కథలు ఇక రాయలేను.

ఆ పెద్దాయన కూడా కావాలనే చెప్పుకోలేదేమో? కళాసీ రాసిన కవిత అని జాలిపడి చదవడం ఆయనకి ఇష్టం లేదేమో?

నాగావళి గట్టు
సోమవారం, రాత్రి 9:15

ఈ మాట నన్ను ఆపింది. వాళ్ళావిడని ఫోన్లో అడిగాను. "సిగ్గు పడ్డానికి ఆయన దొంగతనం చేశారా బావూ, మీరు అడగలేదు, ఆయన చెప్పలేదు" అన్నారు.

కానీ మీ విషయంలో మీరు చెప్పిందే సరి. ఇష్టమున్నవాళ్ళవే అచ్చులో వేద్దాం. మిగతావాళ్ళవి ఒక పుస్తకంలో రాసి దాచిపెడదాం, ఎప్పుడు బయటపెట్టాలో వాళ్ళే చెప్తారు.

ఏకులు
మంగళవారం, ఉదయం 6:30

మాది పొందూరు. మా అత్తయ్య నూలు వడుకుతుంది. కొండపత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి, గింజ తీసి, ఏకి, ఏకులు చేసి, ఒంటి కదురు రాట్నం మీద వందో నంబరు నూలు తీస్తుంది. చూసేవాళ్ళకి దారం కనపడదు, ఆమె చేయి గాల్లో ఊరికే వెనక్కి వెళ్తున్నట్టుంటుంది.

మన పత్రికలో నా పేరుతో వచ్చిన నాలుగు ముక్కలూ ఆమెవే. రాట్నం తిప్పుతూ చెప్తుంది, నేను రాస్తాను. ఆమెకి సంతకం తప్ప రాదు. మొదటిసారి పంపినప్పుడు ఇద్దరి పేర్లూ రాశాను, ఒక్క పేరే అచ్చయింది, నాది. తర్వాత నేను కూడా అలాగే వదిలేశాను. ఊళ్ళో నన్ను రచయిత్రి అంటే ఆమె పక్కన కూర్చుని నవ్వుతూ వింటుంది. నిన్న ఈ పోస్టులన్నీ ఆమెకి చదివి వినిపించాను. "పెద్దాయన చీటీలు ఆయన పేరుతోనే ఉన్నాయి కదా" అంది, అంతే, మళ్ళీ రాట్నం తిప్పుకుంది.

ఆ నాలుగింటికీ ఆమె పేరు వేస్తూ సవరణ ప్రకటించాలి. ఇది నేను అడగడం కాదు, వేసి తీరాలి.

అను కీబోర్డు
మంగళవారం, ఉదయం 7:02

వేస్తానమ్మా. చివరి పేజీలో మూల మీద కాదు, రెండో పేజీలో వేస్తాను.

కోట వీధి
మంగళవారం, ఉదయం 10:45

ఒక మాట కలుపుతాను. రాతకీ బతుకుతెరువుకీ ఉన్న ముడి మనతో మొదలవలేదు. గురజాడ అప్పారావు గారు విజయనగరం కాలేజీలో పాఠం చెప్పారు, సంస్థానం కోసం శాసనాలు పరిశీలించారు, ఆ కొలువుల మధ్యనే కన్యాశుల్కం రాశారు. 1892లో ఇక్కడ ఆడారు, 1897లో అచ్చయింది. కోర్టులూ దస్తావేజులూ వకీళ్ళూ ఆ నాటకంలో అంత గట్టిగా ఉన్నాయంటే ఆయన చుట్టూ ఉన్న లోకం అదే. కాళీపట్నం రామారావు గారు మురపాకలో పుట్టి విశాఖలో లెక్కల మాస్టారుగా చేశారు. ఆయన కథల్లో అప్పు, వడ్డీ, భూమి లెక్క ఎక్కడా తప్పదు.

ఆ మాస్టారే 1997లో శ్రీకాకుళంలో కథానిలయం అనే కథల గ్రంథాలయం పెట్టి, ఎక్కడో చిన్న ఊళ్ళో వచ్చిన పత్రికల్లోని కథ కూడా పోకూడదని పోగుచేశారు. మన పత్రిక అక్కడ ఏ సంచిక నుంచి ఉందో చూశారా ఎవరైనా? మొదటి మూడు సంచికలు నా దగ్గర ఒక్కో కాపీ ఉన్నాయి, ఇచ్చేస్తాను. ఈ రచయితల వివరాలు కూడా వాటితోపాటే అక్కడ చేరాలి. మన ఇళ్ళల్లో ఉంటే చెదలు తింటాయి.

చివరి స్టేజి
మంగళవారం, రాత్రి 10:20

డ్యూటీ దిగి ఇప్పుడే చూశాను. నేను ఆర్టీసీలో కండక్టర్ని, పల్లెవెలుగు. మూడు కవితలు, ఒక వ్యాసం వేశారు.

కండక్టరుకి రాయడానికి దొరికేది స్టేజికీ స్టేజికీ మధ్య ఖాళీ. వెనకటికి టికెట్ల ట్రే ఉన్నప్పుడు ప్రతి స్టేజి దగ్గరా నంబర్లు రాసుకోవడంతోనే సరిపోయేది, మిషన్లు వచ్చాక కాస్త ఊపిరి ఆడింది. మొన్న 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకి ఉచితం అయ్యాక బస్సు మారిపోయింది. నిలబడే చోటు లేదు, గొంతు పోతోంది, గొడవలు కూడా ఉన్నాయి, అదంతా నిజమే. కానీ నేను ఈ రూట్లో ఎన్నడూ చూడని ఆడవాళ్ళు ఎక్కుతున్నారు. ఒక ముసలామె సున్నా టికెట్ చేత్తో పట్టుకుని "అరసవల్లి వెళ్తన్నానమ్మా, పెళ్ళయిన ఏడు చూశాను" అంది. ఆమె ఊరు నడిచి వెళ్ళేంత దగ్గర కాదు, బస్సెక్కాల్సిందే. మొగుణ్ణి డబ్బులడగడం ఇష్టం లేక నలభై ఏళ్ళు వెళ్ళలేదట. ఇలాంటివి రోజుకి రెండు మూడు వింటాను. టికెట్ రోల్ మిగిలిన ముక్క మీద ఒక్క మాట రాసి జేబులో వేసుకుంటాను, రాత్రి ఆ మాట చూస్తే మనిషి మొత్తం గుర్తొస్తుంది. పెద్దాయన తూకం చీటీల గురించి చదివి చాలాసేపు అలా కూర్చుండిపోయాను.

ఆయన ఊరి మీదుగానే నా బస్సు వెళ్తుంది. నేను ఆయన్ని చూసే ఉంటాను.

వేరావల్ బోటు
బుధవారం, ఉదయం 5:50

ఎచ్చెర్ల వైపు మత్స్యకార ఊరు మాది. ఇప్పుడు గుజరాత్‌లో ఉన్నాను. సిగ్నల్ ఉన్నప్పుడే చూస్తాను కాబట్టి పొట్టిగా చెప్తాను. బోటెక్కితే ఇరవై రోజులు, ఒక్కోసారి ఎక్కువ. వల లాగే చేతులతో ఫోన్‌లో టైపు చేయలేను, గొంతు రికార్డు చేసుకుని ఒడ్డుకొచ్చాక పంపుతాను, అను కీబోర్డు తమ్ముడు విని రాసుకుంటాడు. 2018లో మా వైపు కుర్రాళ్ళని పాకిస్తాన్ వాళ్ళు పట్టుకెళ్ళి 2020 జనవరిలో వదిలారు. ఆ ఏడాదిపైన మా వాడలో ఆడవాళ్ళు ఎలా ఉన్నారో అదే నేను రాసింది, ఇంకా అయిపోలేదు.

నా పేరు, ఊరు, బోటు పని అన్నీ వేసుకోండి. ఫోటో మాత్రం ఇక్కడిది వద్దు. వేసవిలో ఇంటికొచ్చాక మా తీరం మీద తీసుకుందాం.

సి షిఫ్టు
బుధవారం, ఉదయం 8:10

అన్నా, మీ రికార్డింగులో వెనక ఇంజిను చప్పుడు ఉంటుందా? నాకు ఒకటి పంపండి, వినాలని ఉంది.

ప్రూఫు కళ్ళద్దాలు
బుధవారం, ఉదయం 11:30

ఈ నాలుగు రోజుల్లో నాకు తోచిన పని ఒకటి. ప్రతి రచయిత దగ్గరా వాళ్ళ పనిలో వాడే మాటలు ఒక పేజీ రాయించుకుంటాను. మగ్గాల ఖాతా మాటలు, బట్టీ మాటలు, రాట్నం మాటలు, బోటు మాటలు. ప్రూఫు చూసేటప్పుడు నిఘంటువుతో పాటు అవీ పక్కన పెట్టుకుంటాను. నా తర్వాత ప్రూఫులు చూసేవాళ్ళకి అదే ఇస్తాను.

నాగావళి గట్టు
బుధవారం, రాత్రి 9:00

నివాళి ముందు వేస్తున్నాను. ముల్లు గురించి నేను రాసిన పేరా తప్పని పేరు పెట్టి ఒప్పుకుంటాను, ఆ కవిత మళ్ళీ వేస్తాను. చీటీల్లోంచి ఇంకో పది కవితలు తీసుకోవాలి. ఒక ఇబ్బంది ఉంది. ఆ చీటీలు ఇల్లు దాటనివ్వనని వాళ్ళావిడ అన్నారు. ఎవరైనా అక్కడికే వెళ్ళి ఫోటోలు తీయాలి, రెండువైపులా.

అను కీబోర్డు
బుధవారం, రాత్రి 9:20

నేను వెళ్తాను. ఆదివారం షాపు కట్టేస్తాను. మొదటి ఫారం మొత్తం ఆయనకే ఉంచుతున్నాను, పదహారు పేజీలు. ముందువైపు బస్తాల లెక్క కూడా కనిపించేలా పెడతాను.

చివరి స్టేజి
బుధవారం, రాత్రి 10:35

తమ్ముడూ, ఆదివారం నాకు పొద్దున్న డ్యూటీ. ఆర్టీసీ కాంప్లెక్స్‌లో ఆరుంపావు బస్సు ఎక్కు, వాళ్ళ ఊరి మలుపు దగ్గర దింపుతాను. తిరిగి మధ్యాహ్నం రెండింటికి అదే మలుపు దగ్గరికి వస్తాను, అప్పటికి కాకపోతే ఫోన్ చెయ్యి, సాయంత్రం ట్రిప్పు కూడా ఉంది. వాళ్ళావిడకి ఒక పత్రిక కాపీ పట్టుకెళ్ళు, కాటా కవిత ఉన్నది.